పదిహేను నిమిషాలు

వాల్దివియాలో వాన గురించి ఎవరూ మాట్లాడరు,
ఊపిరి గురించి మాట్లాడుకుంటామా?
మార్చి రెండో వారం,
కెమిస్ట్రీ మొదటి ఏడాది, ఇరవై ఆరు మందిమి
తడి గొడుగులు మూలకి విసిరి
భద్రతా శిక్షణకి వచ్చి కూచున్నాం.
అంటే, సంతకం గీకి పోదామని వచ్చాం.

చెప్పేది ప్రొఫెసర్ కాదు.
స్టోర్ రూం తాళాలు నడుముకి వేలాడే
దోన్ ఎలెవుతేరియో.
ఎడమ కనుబొమ్మ సగమే ఉంటుంది ఆయనకి.
మిగతా సగం ఏమైందని బస్తియాన్ అడిగితే
"అది సిలబస్‌లో లేదు" అన్నాడు.

కళ్ళజోళ్ళు నెత్తికెక్కించిన వాళ్ళని చూసి
"మీ జుట్టుకి చూపుందా?" అన్నాడు.
యాసిడ్‌ని నీళ్ళలో పొయ్యాలి, నీళ్ళని యాసిడ్‌లో కాదు,
మూడుసార్లు చెప్పించాడు ఎక్కాల్లా.
మేం రాసుకున్నాం
మరిచిపోవడానికి వీలుగా.

తర్వాత తలుపు పక్కన షవర్ దగ్గరికి నడిపించి
"మీద ఒలికితే ఎంతసేపు?"
"పదిహేను నిమిషాలు!"
గోడ మీదే రాసుంది.
"పదిహేను నిమిషాలంటే ఎంత?"

గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు.
తాళాల గుత్తి బల్ల మీద, బూట్లు బల్ల కింద.
షవర్ కిందికెళ్ళి గొలుసు లాగాడు.

మొదటి నిమిషం నవ్వాం.
"బయట నిలబడినా సరిపోయేది" అన్నారెవరో.
రెండో నిమిషంలో ఫోన్లు బయటికొచ్చాయి,
నాలుగో నిమిషంలో జేబుల్లోకెళ్ళాయి.
ఆయన పెదాలు వంకాయ రంగు తిరిగాయి.
ఆ గదికి తూము లేదు,
నీళ్ళు మా మడమల్ని వెతుక్కుంటూ వచ్చాయి.
"ఎంతైంది?"
"ఏడు."
"ఇక్కడే" అన్నాడు, పళ్ళు టకటకలాడుతుంటే,
"ఇక్కడే ఆపేసింది ఆ అమ్మాయి."

పేరు చెప్పలేదు. ఏ ఏడో చెప్పలేదు.
తొడ మీద యాసిడ్. ప్యాంటు విప్పాలి.
చుట్టూ క్లాసు క్లాసంతా.
"మంట తగ్గింది, చాలు" అందట.
మంట తగ్గలేదు,
చూసే కళ్ళు ఎక్కువయ్యాయి.

తొమ్మిదో నిమిషంలో, ఎవరూ చెప్పకుండానే,
రయేన్ లేచి
మూల ముడేసి ఉన్న పసుపుపచ్చ గుడ్డని విప్పి లాగింది.
అది కర్టెనని అప్పటిదాకా మాకు తెలీదు.
రింగులు కమ్మీ మీద గరగరమంటూ కదిలాయి.
గుడ్డ అంచున కుట్లు వంకరటింకర,
దర్జీ చేతివి కావు.

లోపల్నుంచి గొంతు:
"అదీ. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి.
మిగతావాళ్ళు ఇటు చూడకూడదు."

వీపులు తిప్పాం, ఇరవై ఆరూ.
ఎదురుగా కిటికీ, కిటికీ నిండా వాన,
చేపల బజారు వైపు సముద్రసింహాల అరుపు.
పన్నెండు.
పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య
ముల్లు ఆగిపోయిందేమోనని గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అయింది" అన్నాను.
"నిజంగానా?" అని అడిగి, ఇంకో పది లెక్కపెట్టి, అప్పుడు ఆపాడు.

రొట్టెల సంచిలో పొడిబట్టలు ముందే తెచ్చుకున్నాడు,
ప్రతి మార్చిలోనూ తెచ్చుకుంటాడట.
మాకేమో నేల తుడవడానికి తలా ఒక గుడ్డ.

కాగితం మీద సంతకం పెట్టాను.
తడి వేలి కింద ఇంటిపేరు కాస్త అలుక్కుపోయింది.
మెట్లు సగం దిగాక
మణికట్టు మీద ఆయన గడియారం గుర్తొచ్చి
మళ్ళీ పైకెక్కాను.

ఒంటరిగా ఉన్నాడు,
కర్టెన్ మడత విప్పి ఆరబెడుతూ.