ఐదు వందల మీటర్లు

నా పని దుమ్మును తూచడం.
ఓర్వకల్లు దారిలో ఒక మిద్దె మీద
రాత్రింబగళ్లు గాలి పీల్చే పెట్టె ఒకటుంది.
పొద్దున దాంట్లో తెల్ల కాగితం పెడతాను,
మర్నాటి పొద్దుకు అది బూడిదరంగు తేలుతుంది.
సన్న పట్టకారుతో ఎత్తి
ఊపిరి బిగబట్టి తూకంలో వేస్తాను.
నా ఊపిరి కూడా లెక్క తప్పిస్తుంది మరి.

తూర్పున బేతంచెర్ల బండలు కోసే రంపాలు.
పడమట కొత్తగా
సెల్లుఫోన్లకు కండ్లు చేసే కంపెనీ.
నిబంధనల పుస్తకం దాన్ని సున్నిత పరిశ్రమ అంది.
ఆ మాట మొదటిసారి చదివినప్పుడు
ఇంకా పూడని పసిబిడ్డ మాడు గుర్తొచ్చింది నాకు.
సున్నితమైన దాని గోడకూ
దుమ్ము లేపే దాని గోడకూ నడుమ
ఐదు వందల మీటర్లుండాలి,
లేదా అనుమతి లేదు.

టేపు ఒక కొస నేను పట్టుకున్నాను,
రెండో కొస మద్దిలేటి.
బండల మిషను కాడ పనోడు,
సాయం రమ్మంటే వచ్చాడు పాపం.
కంపచెట్లు దాటి, శెనగచేని గట్టు దాటి,
ఎండిన వంకలో దిగి ఎక్కి
నడుస్తా నడుస్తా చెప్పుకొచ్చాడు:
"మా ఆడమనిషి సుంకేశ్వరి ఆ కంపెనీలోనే సార్.
తెల్ల గుడ్డలు, తెల్ల టోపీ, కండ్లొకటే అగపడతాయంట.
లోపలికి పోయే ముందర మనిషిని గాలితో కడుగుతారంట.
నవ్వొచ్చింది సార్ నాకు, గాలితో కడిగేదేందని."

నాలుగు వందల ఎనభై ఏడు.
మళ్లీ కొలిచాం, అంతే.
పదమూడు మీటర్లు తక్కువని రాసి పంపాను.

బండల సాహుకారు గోడ పడగొట్టి వెనక్కి జరిపించాడు.
కాగితాల్లో అంతా సర్దుకుంది.
కంపెనీ లోపలి గదిలో మాత్రం
రేణువులు లెక్కపెట్టే యంత్రం
రాత్రి షిఫ్టులో మోగుతూనే ఉంది.
ఫిల్టర్లు మార్చారు, తలుపు సందులు మూశారు,
వెతికి వెతికి వేసారాక
దొరికింది సుంకేశ్వరి జడలో,
మద్దిలేటి తల ఆనించే చోట.

ఆ సోమవారం నుంచి ఆమె కంపెనీ హాస్టల్లో.
ఆదివారం ఒక్కపూట బయటికి,
తిరిగొచ్చాక రెండుసార్లు తలస్నానం.

ఉగ్గాని బండి కాడ కలిశాడు మద్దిలేటి మొన్న.
గుక్క తిప్పుకోకుండా దగ్గి, నోరు తుడుచుకుని అడిగాడు:
"మిషనుకూ మిషనుకూ ఎంత దూరమో రాసిండారు గదా సార్,
నాకూ నా పెండ్లానికీ ఎన్ని మీటర్లని రాసిండారు?"
పుస్తకం నా సంచిలోనే ఉంది. తెరవలేదు.
జాబితా నాకు నోటికొచ్చు:
ఇంజెక్షన్ మందులు, చిప్పులు, కంటి అద్దాలు, పాలపొడి.
మద్దిలేటి రొమ్ము అందులోకి రాదు.
ఉగ్గానికి డబ్బులు నేనిస్తానన్నాను.
వాడు ఇయ్యనీలేదు.

ఈ ఆదివారం మిద్దె మీంచి చూశాను.
కల్వర్టు మీద కూర్చున్నారు ఇద్దరూ.
ఆమె తలకు తువ్వాలు బిగించి కట్టుకుంది.
వాడు చొక్కా విప్పి, దూరంగా,
గాలి కిందికి వచ్చేటట్టు, కంపచెట్టుకు తగిలించాడు.
ఎవరు చెప్పారో వాడికి గాలి దిక్కు చూడమని.
నడుమ జొన్నరొట్టెల మూట.
టేపు లేకుండానే చెప్పగలను,
మూరెడు.

కాగితం మార్చే వేళైంది.