నలభై ఒకటి

మార్చి పదకొండు. తార్తూలో ఇంకా తెల్లవారలేదు.
ఇరవై ఆరు థీసిస్‌లు, ఒక కెటిల్, నేను.
రౌనో రాసినదాంట్లో పదిహేడో పేజీ దగ్గర
ఎర్ర పెన్ను దానంతటదే ఆగింది.

అప్పటిదాకా కుంటుకుంటూ వచ్చిన వాక్యం
ఉన్నట్టుండి బూట్లు మార్చుకుంది.
కామాలన్నీ బుద్ధిగా ఎవరి కుర్చీలో వాళ్ళు కూచున్నాయి.
ఇరవై రెండేళ్ళ కుర్రాడు "హిమపటలం" అనడు,
ఐసు అంటాడు.
ఆ పేరా ఎక్కడా వాడి చెమట వాసన లేదు.

సాఫ్ట్‌వేర్‌కేం దొరకలేదు.
నాలుగు శాతం, పచ్చగీత, శుభం.
దానికేం తెలుసు? అది పాత పుస్తకం,
స్కాన్ చేసినవాళ్ళు లేరు,
లైబ్రరీ నేలమాళిగలో మూడే కాపీలు,
ఒకదానికి అట్ట కూడా లేదు.

కింద పట్టిక.
పెయిప్సీ సరస్సు, పడమటి ఒడ్డు, డిసెంబరు చివరి వారం,
మంచు పలక మందం:
నలభై ఒక్క సెంటీమీటర్లు.

కాదు. పద్నాలుగు.
ముప్పై ఏళ్ళ కిందట, కొంకర్లు పోయిన వేళ్ళతో
టైపు కొడుతూ ఆ అంకెని తిరగేసింది నేనే.
పద్నాలుగు మీద మనిషి నడుస్తాడు, బండి లాక్కుంటాడు.
నలభై ఒకటి అంటే లారీ ఎక్కిస్తారు.
పుస్తకంలో అంటించిన సవరణ చీటీ
ఎప్పుడో ఊడి ఎక్కడో పడిపోయుంటుంది.
నా మంచి వాక్యాల మీద నా పేరు చెరిపేయగలిగాడు,
నా తప్పు మీది వేలిముద్రని చెరపలేకపోయాడు.

పిలిచాను. వచ్చాడు. ఉన్ని టోపీ తీయలేదు.
అడక్కముందే చెవులు ఎర్రబడ్డాయి.
"మీ పుస్తకమని తెలీదు, ప్రొఫెసర్. అట్ట లేదు.
చాలా బాగుంది. నా మాటల్లో పెడితే
పాడైపోతుందనిపించింది."

దీనికి ఎలా కోప్పడాలో నిబంధనావళిలో లేదు.
ఫారం నింపాను. మొదటిసారి, అని రాశాను.

"పాడవనీ" అన్నాను తర్వాత.
"అరువు సొమ్ములు బరువు చేటు, ఎందుకొచ్చిన మోత?
పుస్తకం మూసెయ్. కిటికీ దగ్గరికి పో.
మీ అమ్మమ్మకి చెప్తున్నట్టు చెప్పు.
నోట్లోకి రానిది నీకింకా అర్థం కాలేదన్నమాట.
మరీ వదల్లేని వాక్యముంటే
కొటేషన్ల మధ్య కూచోబెట్టి పక్కన పేరు రాయి,
అంతేగాని రెండు మాటలు మార్చేసి,
పాత కోటుకి కొత్త బొత్తాలు కుట్టి తేకు.
సొంత మాటల్లో రాసినా సరే, ఎవరి దగ్గర విన్నావో చెప్పాల్సిందే."

వాడు అద్దం వైపు తిరిగాడు.
తడబడ్డాడు, ఆగాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు.
"మాట్లాడే మంచు మంచిదే, ప్రొఫెసర్.
కిర్రుమంటుంది, కాస్త వంగుతుంది, మోస్తుంది.
బూడిదరంగుకి తిరిగి మూగబోయిందా,
ఇక దాని మీద కాలు పెట్టకూడదు."

ఇది నా పుస్తకంలో లేదు.
"ఎవరన్నారు?"
"మా మామయ్య. వలలు వేస్తాడు.
బడి దాటి చదవలేదు.
ఆయన పేరు కూడా రాయాలా?"

కెటిల్ ఎప్పుడో చల్లారిపోయింది.

ఆ పద్నాలుగు నేను కొలిచింది కాదు.
ఒడ్డున ఉల్లిపాయలు పండించే గడ్డపాయన,
బొర్లా పడుకుని, రంధ్రంలోకి
గాట్లు పెట్టిన కర్ర దించి,
మోచేయి దాకా తడిసి, కేక వేసి చెప్పాడు.
నేను గ్లవ్స్ తీయకుండా రాసుకున్నాను.
ఆ సాయంత్రం పొగబెట్టిన చేప పెట్టారు వాళ్ళింట్లో.
నా పుస్తకంలో ఆయన రెండు మాటలు:
స్థానిక సమాచారం.

"రాయాలి" అన్నాను. "ఊరు కూడా."

వాడు వెళ్ళాక నేలమాళిగకి దిగాను.
మూడు కాపీల్లోనూ, అట్టలేని దాంతో సహా,
పెన్సిలుతో నలభై ఒకటి కొట్టేసి
పద్నాలుగు వేశాను.
పక్కన: కొలిచినది యెవ్స్ట్రాత్.
ఇంటిపేరు ఎంతకీ గుర్తు రాలేదు.
అంత మేర ఖాళీ వదిలాను.