మాటల కింద

ఎనభై మూడులో, హల్ రేవు కుర్రాడు రోనీ థ్వైట్
వెండిరంగు జాకెట్‌లో నోరు తెరిస్తే చాలు
హాలు హాలంతా పూనకం.
మూడు నిమిషాల పాట. దానికి మూడేళ్ల ఆయుష్షు.

ఇప్పుడు చీకటి గది.
తెర మీద ఒకామె, తిరిగిరాని వాడి చొక్కా
మడత పెడుతోంది.
ఆమె వేళ్లకు అడ్డు రాకుండా
చెల్లో తీగ ఒక్కటి, ఊపిరంత, తాకిస్తాడు.
"నీ సంగీతం వినపడనే లేదోయ్" అంటాడు దర్శకుడు.
అది మెప్పు.
అర్థం కావడానికి పదేళ్లు పట్టింది.

మొన్న చేపల కొట్టులో రేడియో,
అతని పాత పాటే మోగుతోంది.
కాడ్ ముక్క తూస్తూ ముసలి బెరిల్ ఏదో చెబుతోంది,
మోకాలి నొప్పి గురించి కాబోలు.

"కాస్త తగ్గించవమ్మా," అన్నాడు,
"నీ మాట వినపడటం లేదు."