దస్తూరి

చిత్తూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడవారగా
నీలం పట్టా కింద నా బల్ల.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇక్కడ
'నేను' అని రాస్తున్నాను.
ఒక్కసారీ అది నేను కాదు.

'పూర్తి స్మారకంలో, ఎవరి బలవంతమూ లేకుండా
నేను వ్రాయించి ఇచ్చిన...'
రాయడానికీ రాయించడానికీ నడుమ
తెలుగులో ఒక్క ఇంచు తేడా.
ఆ ఇంచులోనే నా కాపురం,
పిల్లల ఫీజులు, మధ్యవేలి మీద కాయ.

మొన్న ఆదివారం చర్చిలో
వేలూరు నుంచి వచ్చిన కుర్ర అయ్యగారు అన్నాడు:
'చెప్పింది ఆయన. వాళ్ళు వట్టి కలాలు.
కలానికి ఏం తెలుసు?'
వెనక బెంచీలో నాకు నవ్వొచ్చింది.
అయ్యా, కలాన్ని నేను. నన్నడుగు.
ఆ నలుగురిలో వైద్యం తెలిసినాయన
జ్వరమని ఊరుకున్నాడా?
ఎంత జ్వరమో చెప్పందే ముందుకు కదల్లేదు.

మంగళవారం గుడిపాల నుంచి సలోమమ్మ వచ్చింది,
సంచిలో పాసుబుక్కు, తడిగుడ్డలో తమలపాకులు.
'వీలునామా రాయి నాయనా.
పదకొండు సెంట్లు, రెండు మామిడిచెట్లు,
మనవడు యోబుకి. అంతే.'
అంతే అన్న మనిషి గంటసేపు చెప్పింది:
చెట్లు నాటిన ఏడు, పాము కరిచిన కోడలు,
పల్పు ఫ్యాక్టరీవాడు ఎగ్గొట్టిన లోడు డబ్బు.
చేటలో చెరిగినట్టు చెరుగుతూ నేను.

'ఇంకోటి రాయి. పుత్తూరులో మా చెల్లెలింట్లో
కంబళి మరిచొచ్చినా. చలికి ముందే తెచ్చియ్యమను.'
'వీలునామాలో కంబళి రాయకూడదమ్మా.'
'ఏం? చెరసాల్లో ఆ ముసలాయన రాయలేదా,
అంగీ తెచ్చియ్యమని?
ఆయనది వాక్యం, నాది వట్టి చలీనా?'

బదులు దొరకలేదు.
కలానికి మూత పెట్టి, మళ్ళీ తీశాను.

మూడు పేజీలు. రెండో పేజీ ఐదో వరసలో
ఒక కొట్టివేత, ఒక దిద్దుబాటు.
పద్ధతి ప్రకారం చివర ఒప్పుకున్నాను.
పాత చుట్టలు ఎత్తి రాసినవాళ్ళూ
అంచుల్లో ఒప్పుకునే ఉంటారు,
నూనె దీపం మీదో, నిద్ర మీదో నెపం పెట్టి.

చదివి వినిపించాను.
'సదరు చెట్లు రెండూ, కాపుతో, నీడతో సహా'
అన్నచోట చెయ్యెత్తి ఆపింది.
'నీడ. ఆ మాట నేను చెప్పినానా?'
'లేదమ్మా. కొట్టేస్తా.'
'కొట్టొద్దు.' కొంగు కళ్ళకి పోయింది.
'చెప్పాలనుకునింది అదే కదప్పా. నోటికి రాలా.'

ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలీదు.
ఆ పూట గాలి లేదు, పట్టా అంచు కూడా కదల్లేదు.
నా తలలో కరెంటు బిల్లు ఉంది, ప్రార్థన లేదు.
అయినా చేతిలోకి నీడ వచ్చింది,
ఆమెదో, నాదో, ఇంకెవరిదో.

వేలిముద్ర ఆమెది.
దాని కింద, అలవాటుగా,
దస్తూరి: ఇ. జ్ఞానశిగామణి.
రోమాకు పోయిన ఆ పొడుగాటి ఉత్తరం చివర
రాసిన కుర్రాడు కూడా తన పేరు దూర్చాడు,
రాసింది నేనే, నా వందనాలూ అందుకోండని.
ఎవరూ కొట్టేయలేదు.

సాయంత్రం పుత్తూరు బస్సు కండక్టరు చేతికి
ఒక చీటీ ఇచ్చాను.
'నేను, మీ అక్కను' అని మొదలుపెట్టి
కంబళి సంగతి.

ఆ ముసలాయన అంగీ చలికి ముందే చేరిందో లేదో
గ్రంథంలో ఎక్కడా లేదు.
వెతికాను.