మూడు సున్నలు

సాంబలింగం.
ఆ పేరు రాసి రాసి నా కుడిభుజం అరిగింది.
మూడు సున్నలున్నయి అండ్ల.
అచ్చరం ఎట్లన్న నిలబడతది, సున్నకే చెయ్యి వణుకుతది.
అందుకే మా కొమ్రవ్వ గాజు ఒకటి అడిగి తీస్కొని
దాని చుట్టు బొగ్గుతోని గీసేటోన్ని.

మొదటిపారి గిర్మాజీపేట వార్డుకు నిలబడ్డప్పుడు
సైకిలు మీదొచ్చిండు. నొసట ఇబూతి.
మా ఇంట్ల నీళ్లు తాగడు,
సంచిల తన గిలాస తనే తెచ్చుకున్నడు.
"బడి ముంగట సారా దుకానం మూయిపిస్త.
గంతే రాయి ఓదెలూ."
గంతే రాసిన.
మూయిపిచ్చిండు సుత.
మెట్ల మీద కూసోని మూడు రాత్రులు భజన జేసిండు,
ఎవడో సీసా ఇసిరితే నెత్తి పగిలింది,
తాళం మాత్రం ఆపలే.
ఆ ఏడు మా నాయిన జీతం పైసలు ఇంటికి తెచ్చిండు.
అబద్ధమెందుకు, నేను ఓటేసిన.

తర్వాత చైర్మన్. తర్వాత ఎమ్మెల్యే.
గోడలు పెద్దగయినయి, మాటలు తక్కువైనయి.
చౌరస్తా కాడ ఒక్క 'ధర్మం' రాయనీకి
రెండు డబ్బాల జాజు పట్టింది,
సున్నకు గాజు చాలక అన్నం పళ్లెం పెట్టి గీసిన.
ఏం ధర్మం సారూ అని అడగలే.
రంగు పైసలు ఎన్నడూ బాకీ పెట్టలే ఆయన.

మంత్రయినంక ఒక కాయిదం మీద సంతకం చేసిండు:
అంగన్‌వాడీల గుడ్డు మైల,
బదులు అరటిపండు ఇయ్యాలె.
కొమ్రవ్వ ఆడ ఆయా.
అరటిపండ్లు పదిదినాలు వచ్చినయి.
పలక మీద సున్న దిద్దమంటే
చింతల్ పోరడు ఒకడు దిద్ది
నోటికాడ పెట్టుకొని నమిలినట్టు చేసిండట.
ఆ ముచ్చట చెప్పి ఆమె నవ్వలే.
తెల్లారి పళ్లెం అడిగితే ఇయ్యలే.
"అన్నం తినేది" అన్నది.
ఆ ఎలచ్చన్లల్ల నా సున్నలన్నీ కోలగ వచ్చినయి,
గుడ్లోలె.
ఎవలూ పట్టలే. గెలిచిండు.

ఫ్లెక్సీలొచ్చినయి, నా కుంచె ఎండింది.
ఆయన కాళ్లు మొక్కి ఎదిగినోనికే
పార్టీ టికెట్ ఇచ్చింది.

మొన్నటి ముసురుకు గిర్మాజీపేట గోడ
పెళ్లలు పెళ్లలుగ రాలింది.
మంత్రి ఊడిండు, ఎమ్మెల్యే ఊడిండు, చైర్మన్ ఊడిండు.
అడుగున, మాసిన నీలంల
'బడి ముంగట సారా...'

దాని ముంగట ఆయన నిలబడి ఉన్నడు.
ఆటోల వచ్చిండు. చేతిల గిలాస.
"ఇండిపెండెంటుగ ఏస్తున్న ఓదెలూ. పైసల్లెవ్వు.
అచ్చరానికి ఎంత?"
"ఇరవై."
"సున్నలు సుత లెక్కనేనా?"
నవ్వొద్దనుకున్న. వచ్చింది.

చిన్న అచ్చరాలే, గాజు చాలు.
ఇంట్లకు పోయి కొమ్రవ్వ చెయ్యి చూసిన.
కీళ్లు వాసినయి, గాజు ఊడది.
"ముందు సున్నం కలుపు" అన్నది.
దేని మీద కొట్టాలెనో చెప్పలే.