డబ్బా పూర్ణం

డబ్బా మీద నెయ్యి కారుతున్న పోలె బొమ్మ.
దాని కింద మరాఠీల ఒక్క మాట: ఐదు నిమిషాలు.
సిరొంచ బజార్ల డెబ్బై అయిదు రూపాయలు.
"వదినా, నీళ్లు పోస్తే అయిపాయె" అన్నడు దుకాణపాయన.

నీళ్లకేం కొదువ.
మూడు దినాలుగ ప్రాణహిత ఎగదన్ని
బస్సు నన్ను వాగు అవుతల్నే దించింది.
మీటింగు కాయితాలు నెత్తి మీద,
డబ్బా కొంగుల ముడి,
మోకాటి లోతు దాటుకుంట అంకిస చేరేసరికి
పొద్దు గూకింది.
తెల్లారితే పొలాల అమాస.
పక్కింటోళ్లకు పోళా, మాకు పొలాల,
ఎడ్లకు మాత్రం ఒక్కటే పండుగ.

శనగపప్పు నానెయ్యలేదు.
నానేద్దామంటే ఇంట్ల లేదు.

ఏడాది పొడుగూత నేను పంచేది ప్యాకెట్లే.
బాలింతలకు, ఆర్నెల్ల పిల్లల తల్లులకు
"నీళ్లల్ల కలిపి ఉడకబెట్టుండ్రి, మంచిగుంటది"
అని చెప్పీ చెప్పీ నాలుక అరిగింది.
ఒక్కనాడన్న నేను చెంచెడు నోట్లె వేసుకున్ననా?

ఒక కప్పు పిండికి ఒక కప్పు మరిగే నీళ్లట.
ఏ కప్పు?
చాయ్ కప్పా, సమ్మయ్య తాగే ఇత్తడి గిలాసనా?
గిలాసతోటి పోసిన.
పూర్ణం కాలేదు, జావ అయ్యింది.
రెండు పిడికిళ్ల పుట్నాల పొడి కొట్టి,
డబ్బాల లేని జాజికాయ గీకి,
ఇంత నెయ్యి వేసి పొయ్యి మీద కలెదిప్పిన.
ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయినయి.
గోడ గడియారం దిక్కు చూడబుద్ధి కాలేదు.

మా అత్త లసుంబాయి అరుగు మీద కూసోని
అన్నీ వింటున్నది. కండ్లకు మసక గని
ముక్కుకు లేదు.
"రోలు సప్పుడు లేదేందే?"
నేను మాట్లాడలే.
"పప్పు వార్చిన కట్టు ఏది? చారు దేంతోటి పెడ్తవు?"

అగో, అక్కడ దొరికిపోయిన.
డబ్బాల పప్పు ఉంది, బెల్లం ఉంది,
యాలకుల వాసన గూడ ఉంది,
కట్టు లేదు.
ఉడకని దానికి కట్టు ఎక్కడిది.
చింతపండు పిసికి పచ్చిపులుసు చేసిన.
ముసల్ది గుటక వేసి గిన్నె పక్కకు జరిపింది.

తెల్లారి ఎడ్లను కడిగి,
కొమ్ములకు వార్నీషు రాసి, మెడల గాజుపూసలు వేసి
సమ్మయ్య గడప ముందర నిలబెట్టిండు.
మైలగాడు మొదటి పోలె వాసన చూసిండు.
ఊపిరి బుస్సుమన్నది.
నా గుండె ఆగింది.
తర్వాత గరుకు నాలుక చాపి
పోలె, పోలె కింది మోదుగాకు, నా చేతి ఉప్పు
అన్నీ ఒక్కసారే లోపటికి.
కర్రెగాడైతే రెండోది నా చేతుల నుంచే గుంజుకున్నడు.

"సూసినవా అత్తా!" అన్న, గెలిచినట్టే.
"ఎద్దుకేం తెలుసే అటుకుల రుచి" అన్నది ఆమె,
పండ్లు లేని నోటితోటి నవ్వుకుంట.

మధ్యాన్నం ఎడ్లు ఊరేగిపోయినంక
అంట్లు తోమ లోపటికి వచ్చిన.
నాలుగు పోలెలు ఉండాల్సిన పళ్లెంల మూడున్నయి.
ఉట్టి డబ్బా కనపడలేదు.
వెతికితే అరుగు మీద దొరికింది,
ముసల్దాని దిండు పక్కన.
లోపల వక్కలు, సున్నంకాయ, ఆకుతుంచ.
మీద, నెయ్యి కారే పోలె బొమ్మ మీద
ఆమె బొటనవేలు సున్నం మరక.