పట్టూ విడుపూ

స్లొవేనియాలో, స్కీలతో దూకే కొండ మీద
మంచు చదును చేయడం నా పని.
ఇరవై రెండేళ్లుగా ఇదే పార.
దూకేవాళ్లు కూర్చునే అడ్డకమ్మీని
పొద్దున్నే తుడిచేదీ నేనే.

తింకారకి పదిహేడేళ్లు.
పచ్చదీపం వెలుగుతుంది.
కోచ్ బోగొమిర్ జెండా దించుతాడు.
కమ్మీని పట్టుకున్న చేతులు మాత్రం
వదలవు.
పది సెకన్లు. దీపం ఎర్రబడుతుంది.

"ఆలోచించకు" అంటాడు బోగొమిర్.
ఆ మాట విన్నాక
ఇంక వేరే ఏం ఆలోచిస్తారు ఎవరైనా?
"భయపడకు" అంటుంది వాళ్లమ్మ, థర్మాస్ మూత తిప్పుతూ.
నవంబరులో పడింది కదా, అందుకే అంటారందరూ.
అందుకు కాదు. ఆ రోజు లేచి, మంచు దులుపుకుని
మర్నాడే దూకింది. నేను చూశాను.

ఇక్కడ మెట్లు ఎక్కడానికే, నూట ఎనభై ఆరు.
దిగడానికి గాలి ఉంది.
మెట్ల మీంచి దిగేవాళ్ల ముఖం ఎవరూ చూడరు,
అదో మర్యాద.
ఆ రోజు తను దిగుతుంటే
ఒక స్కీ నేనందుకుని వెంట నడిచాను.
"ఏ వేలు ముందు బిగుసుకుంటుంది?" అన్నాను.

ఆగింది. గ్లవ్ తీసి చూసుకుంది,
ఎవరి చేతినో చూసినట్టు.
"ఎడమ చిటికెన వేలు."
ఇంకో ముప్ఫై మెట్లు దిగాక చెప్పింది:
అక్టోబరులో ఒకసారి తొంభై నాలుగు మీటర్లు దూకిందట.
ఆ గాలిలో తను లేదట,
దూకిందెవరో తెలియలేదట.
"పడతానని కాదు, లోయ్‌జె తాతా,
ఆ ఎవరో మళ్లీ రాకపోతే?"

నేనేం చెప్పను. నా సంగతే చెప్పాను:
మా అన్న పోయాక అతని అకార్డియన్ పెట్టె తెరవలేదు.
తాళంచెవి నా జేబులోనే ఉంది,
చెయ్యి అక్కడిదాకా పోదు.
"ఏ వేలు?" అంది.
నవ్వొచ్చింది. జవాబు రాలేదు.

మర్నాడూ దిగింది. ఆ మర్నాడూ.
తొమ్మిదోసారికి
మెట్లు ఉత్త మెట్లయ్యాయి.
దిగే దారి తెలిసిన చెయ్యి
అంత బిగియదు కాబోలు.

గురువారం. పొగమంచు. చూసేవాళ్లు లేరు.
పచ్చదీపం.
"నువ్వు కాసేపుండు" అంది చిటికెన వేలితో,
పైకే అంది, విన్నాను.
మిగతావి వదిలాయి.
అదీ వెళ్లింది వాటి వెనకే, కాస్త ఆలస్యంగా.

కింద తెల్లటి గుడ్డితనంలోంచి
పెద్దగా ఒక బూతు.
అరవై ఒక్క మీటర్లట, వంకర దూకు, మోకాలు నేలకి తగిలిందట.
బోగొమిర్ దగ్గుతూ జెండా మడిచాడు.

సాయంత్రం కమ్మీ తుడవబోతే
మంచుపొర మీద చేతుల అచ్చులు.
ఎడమ కొసన
జారినట్టు చిన్న గీత.
అక్కడ వదిలేసి మిగతాది తుడిచాను.

జేబులో తాళంచెవి చల్లగా తగిలింది.
ఏ వేలికో
చూసుకున్నాను.